మొకాం మారిన రోజు

మంత్రి దౌర ఉందంటే మా ఆఫీసులో అన్నిటికంటే ముందు రద్దయ్యేవి సెలవులు. పెళ్ళి అన్నా, జ్వరం అన్నా, ఇంట్లో పెద్దకర్మ అన్నా ఒకటే జవాబు వచ్చేది: "దౌర అయినంక చూద్దాం తియ్." ఆ దౌర అయ్యేలోపు ఇంకో దౌర తగిలేది. పేపర్లో పర్యటన అని రాసేవారు గానీ మా నోట్లో మాత్రం అది దౌరే. దౌర, దొర పలకడానికి దగ్గర దగ్గరగానే ఉంటాయి. మాకు వాటి మధ్య తేడా కూడా పెద్దగా కనబడేది కాదు.

అప్పటికి తెలంగాణ ఆంధ్రలో కలిసి రెండు మూడేళ్ళయి ఉంటుంది. నేను నిజామాబాద్‌లో సర్కారు గుమాస్తాను. మంత్రి ఎక్కడ దిగితే అక్కడికి ఒకరోజు ముందే వెళ్ళి బస సిద్ధం చేయడం నా పని. ఆ పనికి నన్నే ఎందుకు తోలేవారంటే, ఇంట్లో నా కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు గనక. "నీకేంది, ఒంటి పానం. పెండ్లామా, పిల్లలా?" అనేవారు తోటివాళ్ళు. పెళ్ళాం లేని మాట నిజమే. పిల్ల మాత్రం ఉంది. నా దగ్గర లేదు, అంతే.

ఒక మంత్రి ఒక్క పూట వచ్చిపోవడానికి ఎంత హంగామా అనుకున్నారు! రోడ్డు గుంతల్లో ఎర్రమొరం పోసేవారు, అదీ బంగళా గేటు దాకానే. గేటు దాటి అడుగు ముందుకు వేస్తే పాత గుంతలే. రోడ్డుకు రెండు పక్కలా సున్నం గీతలు గీసేవారు. అన్ని శాఖల జీపులూ తమ పనులు మాని మంత్రి కారు వెనక వరస కట్టేవి. పశువుల డాక్టరు జీపుకు మంత్రి వెనక ఏం పనో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కొత్త దుప్పట్లు, కొత్త తువాళ్ళు, వాసన సబ్బు, కిటికీలకు కొత్త పరదాలు. నిజామాబాద్ నుంచి రంపపు పొట్టులో పెట్టి ఐసు గడ్డలు. ఆయన సోడా తాగినా తాగకపోయినా ఐసు మాత్రం వెళ్ళాల్సిందే. ఖర్చులో సర్కారు ఇచ్చేది కొంత, ఊరి మీద పడేది కొంత. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ రోజులకు మాకూ భత్యం వచ్చేది కాబట్టి మేమూ నోరు మూసుకునేవాళ్ళం.

నా భార్య కాన్పులో పోయింది. పుట్టిన పసిగుడ్డును మా అత్తగారు కందకుర్తికి తీసుకుపోయింది. బతికించింది కూడా ఆమే, ఆ మాట చెప్పాలి. నేను నిజామాబాద్‌లో ఒక అర్ర కిరాయికి తీసుకున్నాను. ఆ ఇంటామె పొద్దున లేచింది మొదలు బీడీలు చుట్టేది. నేను ఆమెను అక్కా అనేవాడిని. ఇంటికి పోతే తునికాకు వాసన, ఆ అక్క చేతిలో కత్తెర చప్పుడు తప్ప నాతో మాట్లాడేది ఏదీ ఉండేది కాదు. ఒక్కడి కోసం పప్పు వండడం కూడా దండగే అనిపించి చాలాసార్లు కిచిడీ ఉడకేసుకుని గిన్నెలోనే తినేవాడిని.

దౌరల్లో ఇంకా అన్యాయంగా ఉండేది. మంత్రుల కోసం మంచాలు వేసి నేను వరండాలో పడుకునేవాడిని. కొన్నిసార్లు వాళ్ళు అసలు వచ్చేవారే కాదు. వండినదంతా మిగిలిపోయేది. ఒకసారి అంత పెద్ద బల్ల ముందు, అన్ని కుర్చీల మధ్య, ఒక్కణ్ణే కూర్చుని మంత్రి తినని కోడికూర తిన్నాను. కూర బాగుంది. తింటూనే ఏడ్చాను. ఏ మంత్రికి ఎంత ఎత్తు దిండు కావాలో నాకు తెలుసు. నా బిడ్డ రాత్రిపూట ఎవరి పక్కన పడుకుంటుందో తెలియదు.

కందకుర్తికి పోదామని బయలుదేరినప్పుడల్లా ఏదో ఒక దౌర అడ్డం పడేది. పోయిన రెండు మూడుసార్లు కూడా పిల్ల నన్ను చూసి అమ్మమ్మ చీర వెనక దాక్కుంది. ఆ తర్వాత ఏడాదికి పైగా ఆమెను చూడనే లేదు.

ఒక రోజు మా బామ్మర్ది ఆఫీసుకు వచ్చాడు. నా భార్యకు తమ్ముడు, మంచి మనిషి, మాట మెత్తన. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగాం. అతను చాయ్ సాసర్లో పోసుకుని చల్లార్చుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

"బావా, పొల్ల బడీడుకొచ్చింది. మా అవ్వకు కండ్లు సరిగ్గ కనబడ్తలేవు. మా ఇంటిదానికి చూస్తే పిల్లలు లేకపాయె, గీ పొల్ల మీదనే పానం పెట్టుకున్నది. నువ్వు తీస్కపోతవా, మమ్మల్నే సాదుకొమ్మంటవా? ఏదో ఒకటి తేల్చు. నడిమిట్ల గీ ఊగులాట మంచిగ లేదు."

"నేనే తీస్కపోత," అన్నాను.

"గట్ల మస్తు సార్లన్నవు. బతుకమ్మకన్నవు, రాకపోతివి. దీపావళికన్నవు, రాకపోతివి."

"దౌర పడ్డది గదరా, నేనేం జేద్దు?"

"గా దౌర పాడుగాను! బావా, అవ్వ ఒక మాట చెప్పి పంపింది. గీపారి గూడ నువ్వు మాట తప్పితే మళ్ళ పొల్లను అడగొద్దన్నది. ఒట్టు పెట్టిచ్చుకున్నది నాతోని."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. కోపం రాలేదు, భయమేసింది. మరుసటి వారమే బోధన్‌కు ఒక మంత్రి వస్తున్నాడు, డాక్ బంగళాలో మొకాం. సెలవు అడిగి లాభం లేదు. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. ఎప్పుడూ తప్పించుకోవాలని చూసే దౌర డ్యూటీని ఈసారి నేనే అడిగి వేయించుకున్నాను. కందకుర్తి నుంచి పొద్దున బస్సు వచ్చేది బోధన్‌కే. స్టాండు నుంచి బంగళా నడిచిపోయేంత దూరం. "పొల్లను తీస్కొని గా దినం బోధన్ బంగ్లాకు రా. నేను ఆడనే ఉంట. మంత్రి పోంగనే రైలుకు నిజామాబాద్ తీస్కపోత," అని చెప్పాను. బామ్మర్ది తలూపాడు. "సరే బావా. నువ్వు ఆడుంటే చాలు," అన్నాడు.

ఆ వారం రోజులూ నేను మనిషిలో మనిషిని కాను. బీడీల అక్కతో మాట్లాడాను, నేను ఆఫీసుకు పోయినప్పుడు పిల్లను చూసుకుంటానంది. "నా పక్కన కూసుంటది, ఆకు కత్తిరిస్తె చూస్తది, గంతే గద," అని నవ్వింది. వడ్రంగం చేసే వడ్లాయనతో ఒక చిన్న పీట చేయించాను, పిల్ల కూర్చుని తినడానికి. టేకు ముక్కతో చేశాడు, అంచులు గుచ్చుకోకుండా గుండ్రంగా రుద్ది ఇచ్చాడు. దాన్ని నా పీట పక్కన పెట్టుకుని చూసుకున్నాను. పక్కపక్కన రెండు పీటలు ఉంటే ఆ అర్ర కొంచెం ఇల్లులాగా కనబడింది.

దౌరకు ముందురోజు బోధన్ చేరాను. చెరుకు ఆడే కాలం చివరికొచ్చింది. ఊరంతా బెల్లప్పాకం వాసన, చక్కెర ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడవునా చెరుకు బండ్లు. మరునాడు పొద్దున్నే పోలీసులు వచ్చి ఆ బండ్లన్నిటినీ రోడ్డు దింపి పొలాల్లోకి మళ్ళించారు. మంత్రి కారుకు అడ్డం రాకూడదట. రైతులు ఎడ్లను విప్పి తుమ్మచెట్ల నీడన కూర్చుని తిట్టుకుంటున్నారు. ఎండకు చెరుకు ఎండితే తూకం తగ్గుతుంది, ఆ నష్టం ఎవరి లెక్కలోనూ రాదు.

బంగళాలో పనంతా నేను ముందురోజు సాయంత్రానికే ముగించాను. చౌకీదారు ముసలాయన. "ఏం సారూ, గీపారి గింత జోరు మీదున్నవు? మంత్రి నీ మేనమామనా ఏంది?" అని ఎకసెక్కాలాడాడు. నా బిడ్డ వస్తోందని చెప్పాను. ఆయన చేతిలో చీపురు పక్కన పెట్టి, "అయితె పరేషాన్ గాకు. మా ఇంటిదానితోని జొన్నరొట్టె చేపిస్త," అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే ఆ రోజు జరిగింది అర్థం కాదు. నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు ఎడపల్లి, బోధన్ చుట్టుపక్కల కొత్త ఊళ్ళు కట్టుకున్నారు. మొదట గుడారాలూ గుడిసెలూ వేసుకున్నారేమో, ఆ ఊళ్ళకు క్యాంపులనే పేరు నిలిచిపోయింది. ఫలానా క్యాంపు, ఫలానా క్యాంపు అంటాం. మా దగ్గర క్యాంపంటే ఆ ఊరే, ఇంకో అర్థం లేదు. పెద్దవాళ్ళు దౌర మీద వచ్చి దిగితే దాన్ని మొకాం అనేవాళ్ళం. మొకాం బోధన్, మొకాం ఆర్మూర్, అట్లా. అయితే ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన అధికారులు మంత్రి దిగే చోటును కూడా క్యాంపే అంటారని మాలో ఒక్కరికీ తెలియదు.

దౌర రోజు పొద్దున నిజామాబాద్ నుంచి తహసీల్ ఆఫీసుకు ఫోనొచ్చింది. చేసినాయన కొత్తగా వచ్చిన కోస్తా అధికారి. "మంత్రిగారు నేరుగా క్యాంపుకే వస్తారండీ. ఏర్పాట్లన్నీ క్యాంపులో పూర్తిగా ఉండాలి. క్యాంపులో ఏ లోటు వచ్చినా మీదే బాధ్యత," అన్నాడట. సాయంత్రం మీటింగు ఎలాగూ ఎడపల్లి దగ్గర ఒక క్యాంపులోనే ఉంది, అక్కడ కొత్త గోదాము తెరవాలి. ఇంకేం, మంత్రి దిగడం కూడా అక్కడికే మారిందని తహసీల్దారు సాబ్ తీర్మానించాడు. ఆయన నిజాం కాలం నాటి మనిషి, తెలుగు బజార్లో నేర్చుకున్నాడు. జీపేసుకుని బంగళాకు ఉరికొచ్చాడు.

"అరె, మొకాం బదల్ గయా! మొత్తం సామాన్ క్యాంప్‌కు పంపు. జల్ది, జల్ది!"

"సాబ్, నేను ఈడ ఉంట. ఇంకెవరినన్న పంపుండ్రి. నా బిడ్డ వస్తున్నది బస్సుకు," అన్నాను.

"బిడ్డను చౌకీదార్ చూస్తడు. మినిస్టర్‌ను ఎవరు చూస్తరు? నీ బిడ్డ చూస్తదా? ఎక్కు జీపు!"

ఏం చేయను? దుప్పట్లు, పరదాలు, జంబుఖానాలు, ఐసు గడ్డలు బండ్లలోకి ఎక్కాయి, మంత్రి మంచంతో సహా. చౌకీదారు చేతులు పట్టుకుని చెప్పాను: "మా బామ్మర్ది పొల్లను తీస్కొని వస్తడు. కూసోమని చెప్పు. ఎట్ల జేసన్న పగటి బువ్వ యాల్లకు వస్త. పోనియ్యకు." చీపురు, ఖాళీ గదులు, ఆ ముసలాయన బంగళాలో మిగిలారు. జీపు మలుపు తిరిగేటప్పుడు కందకుర్తి బస్సు దుమ్ము లేపుకుంటూ స్టాండు వైపు పోవడం కనబడింది. అందులోనే ఉందనుకుంటాను నా బిడ్డ.

క్యాంపులో వాళ్ళు మా బండ్లను చూసి తెల్లబోయారు. "మంచం ఎందుకండీ? మంత్రిగారు మాకు మీటింగుకనే చెప్పారే," అన్నాడు అక్కడి పెద్దరైతు. "మీకు తెల్వది, ఊకోండ్రి," అన్నాడు సాబ్. పాపం వాళ్ళు మర్యాదస్తులు. ఒక డాబా ఇల్లు ఖాళీ చేసి ఇచ్చారు. ఆడవాళ్ళు సామాన్లు వాకిట్లోకి మోసుకున్నారు. ఏళ్ళు పట్టి కట్టుకున్న సంసారాన్ని ఒక గంటలో గడప దాటించి, ఆ గదిలో మంత్రి మంచం వేశాను. ఒకావిడ వంటింటి కిటికీలోంచి నన్ను చూసి, "మజ్జిగ తాగండి బాబూ, మొహం వాడిపోయింది," అని గ్లాసు అందించింది. నాకు ఆమెతో నా బిడ్డ సంగతి చెప్పుకోవాలనిపించింది. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చేసి పరదాలు కట్టడానికి పోయాను.

పొద్దెక్కింది. మంత్రి రాలేదు. ఐసు కరిగి రంపపు పొట్టంతా తడిసి బండి కింద మడుగు కట్టింది. కుక్కలు వచ్చి ఆ చల్లటి నీళ్ళు తాగిపోయాయి. అప్పుడు సైకిల్ మీద ఒక పోలీసు చెమటలు కక్కుతూ వచ్చాడు. మంత్రిగారు బోధన్ బంగళాలో ఉన్నారు, అక్కడ నడుం వాల్చడానికి ఒక మంచం కూడా లేదు, కోపంతో ఉన్నారు, ఇదీ వార్త. తహసీల్దారు సాబ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "క్యాంప్ అంటే... అరె, ఫోన్‌లో క్యాంప్ అనే అన్నడు గదా!" అని ఆకాశాన్ని అడుగుతున్నాడు.

నాకు మాత్రం లోపల ఆశ పుట్టింది. బోధన్‌కు పోవచ్చు! జీపు దగ్గరకు ఉరికాను. "సాబ్, నేనొస్త, మీ కాళ్ళు మొక్కుత, నన్ను బోధన్‌ల దింపుండ్రి." జీపు నిండా జనం ఎక్కారు. నా కాలు ఒకటి లోపల పెట్టాను కూడా. "నువ్వు సామాన్ దగ్గర ఉండు. సాయంత్రం మీటింగుకు ఈడ పని లేదా?" అని నా భుజం మీద చెయ్యి వేసి దింపేశాడు. జీపు వెళ్ళిపోయింది. నేను జంబుఖానాల కుప్ప మీద కూర్చున్నాను. చుట్టూ జనం, మైకు పెడుతున్న చప్పుడు, తోరణాలు కడుతున్న పిల్లలు. అంతమందిలో నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. నా కోసం ఎదురుచూస్తున్న ఒక్క మనిషీ ఉన్న చోటుకు పోవడానికి దారిలేదు.

మధ్యాహ్నం తిరిగాక కార్లూ జీపులూ వచ్చాయి. చిత్రం ఏమిటంటే మంత్రి నవ్వుతూ దిగాడు. తెల్లటి ఖద్దరు, తెల్ల టోపీ, నా ఈడువాడే. పక్కన సాబ్ మొహంలో ప్రాణం తిరిగొచ్చింది. నా దగ్గరకొచ్చి చెవిలో చెప్పాడు: "ఎవరో చిన్న పోరి నా నౌకరీ బచాయించింది. ఆ పోరిని చూసి ఆయన గుస్సా మొత్తం ఖతం." నేను అంతగా పట్టించుకోలేదు. మీటింగు ఎప్పుడు ముగుస్తుందా అనే ధ్యాసలో ఉన్నాను.

గోదాము తాళం తెరిచారు, దండలు పడ్డాయి. మంత్రి మాట్లాడుతుంటే జనంలోంచి ఎడపల్లి ముసలి రైతు ఒకాయన లేచాడు. తలకు రుమాలు, చేతిలో ఎద్దుల ములుగర్ర.

"అయ్యా, మీరొస్తుండ్రని పొద్దటి సంది మా చెరుకు బండ్లు ఆపిండ్రు. చెరుకంత ఎండుతున్నది. మీరు గిట్ల వచ్చుడు పోవుడు ఖర్సుతోని మా కాలువల పూడిక తీపియ్యరాదుండ్రి?"

పోలీసులు ముందుకు కదిలారు. మంత్రి చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. మనిషి తెలివైనవాడు.

"పెద్దాయన న్యాయంగా అడిగాడు. మంత్రులు తిరగడానికి ఇంత ఖర్చెందుకని పట్నంలో కూడా అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు నాకు ఈ రోజు బోధన్‌లో దొరికింది. నేను బంగళాకు వెళ్ళేసరికి నన్ను రమ్మనే అధికారి ఒక్కడు లేడు. ఒక దండ లేదు. మెట్ల మీద ఒక పసిపిల్ల కూర్చుని ఉంది. నేను కారు దిగానో లేదో, 'బాపూ!' అంటూ పరుగెత్తుకొచ్చి నా కాళ్ళు చుట్టేసుకుంది. బాపూ! మన జాతిపితను పిలుచుకున్న పిలుపు అది. ఈ ఖద్దరు బట్టలు చూసి ఆ పసిదానికి ఆ మహాత్ముడు గుర్తొచ్చాడు. నేను ఆఫీసులో కూర్చుని ఉంటే ఆ పిలుపు వినేవాడినా? దానికి ఖరీదు కట్టగలరా మీరు?"

చప్పట్లు మోగిపోయాయి. క్యాంపు ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. నేనూ చప్పట్లు కొట్టాను. భలే మాట్లాడాడు అనుకున్నాను. కొడుతూ కొడుతూ ఉండగా అప్పుడు తట్టింది. బోధన్ బంగళా మెట్ల మీద పసిపిల్ల. బాపు. మంత్రి కోస్తా మనిషి, ఆయన ఊరివైపు తండ్రిని నాన్న అంటారు. బాపు అంటే ఆయనకు గోడ మీద పటంలో ఉండే ఒక్కరే. మా నిజామాబాద్‌లో ఏ ఇంట్లోనైనా బాపు అంటే కన్నతండ్రి.

నా చేతులు ఆగిపోయాయి. "కొట్టు, కొట్టు, ఇటే చూస్తున్నడు!" అని సాబ్ మోచేత్తో పొడిచాడు. కొట్టాను. నా బిడ్డ నన్ను పిలిచిన మొదటి పిలుపుకు ఇంకొకడి కోసం చప్పట్లు కొట్టాను.

సామాను బండిలో వేసుకుని బోధన్ చేరేసరికి పొద్దుగూకుతోంది. కందకుర్తి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. చౌకీదారు మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"నీ బిడ్డనే సారూ. పొద్దటి సంది గీ మెట్ల మీదనే కూసున్నది. ఎవరొచ్చినా 'మామా, గాయ్ననేనా బాపు?' అని అడుగుడు. 'కాదు బిడ్డా, మీ బాపు సర్కారు బండిల వస్తడు' అని మీ బామ్మర్ది చెప్పుడు. గంతల గాయ్న కారు దిగె. ఆపెతందుకు గూడ దొర్కలే పొల్ల, ఉరికింది. గాయ్న ఎత్తుకున్నడు. అరటిపండు ఇచ్చిండు. కార్ల కూసోబెట్టుకుని గేటు దాక తిప్పి దింపిండు. 'గాయ్న గాదు బిడ్డా' అని మీ బామ్మర్ది అందామంటె పోలీసోళ్ళు ఆయన్ని గేటు బయటికి నూకిండ్రు. తర్వాత చెప్తె పొల్ల నమ్మలే."

ఆ దౌరలో ఎంత పెట్రోలు కాలిందో దేవుడికెరుక. అందులో నా బిడ్డ కోసం కాలింది ఆ గేటు దాకా.

"మా బామ్మర్ది ఏమన్నడు?" అని అడిగాను.

"ఆఖరి బస్సుదాక రోడ్డు మీద నిలబడి చూసిండు. పోయేటప్పుడు, 'మా బావ తప్పేం లేదు గని, మా అవ్వకు నేనేం చెప్పాలె' అన్నడు. కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు."

ముసలాయన ఇంటామె చేసిన జొన్నరొట్టెలు బట్టలో చుట్టి అట్లాగే ఉన్నాయి. పిల్ల అరటిపండు తిని, కడుపు నిండింది, రొట్టె వద్దు అందట.

ఆ దౌర ఖర్చు పైకి రాసి పంపేటప్పుడు రెండు చోట్లా ఏర్పాట్లు జరిగినట్టు రాశారు. పైన ఎవరూ ఏమీ అడగలేదు. క్యాంపుకు పోయిన ఐసు కూడా అందులో ఉంది. సెలవు దొరికిన మొదటి రోజు, పీటను గోనెసంచిలో చుట్టుకుని నేను కందకుర్తి బస్సెక్కాను. పోయి బతిమాలుకుందాం, అత్త కాళ్ళ మీద పడదాం అనుకున్నాను. పిల్లకు నేనెవరో తెలిస్తే చాలు, తర్వాత సంగతి తర్వాత.

పిల్ల వాకిట్లో చింతగింజలతో ఆడుకుంటోంది. అచ్చం వాళ్ళమ్మ నుదురు. నన్ను చూసి దాక్కోలేదు. ఈసారి ధైర్యంగా నిలబడి చూసింది. అత్త నా గొంతు గుర్తుపట్టి, చేత్తో తడుముకుంటూ గడప దగ్గరికొచ్చింది. ఆమె మొహంలో కోపం లేదు. అలసట ఉంది.

"బిడ్డా, గీయ్ననే మీ బాపు," అంది.

పిల్ల నన్ను పైనుంచి కింది దాకా చూసి పకపకా నవ్వింది.

"నీకు కండ్లు కనబడయి అమ్మమ్మా! మా బాపు గిట్ల ఉండడు. తెల్లటోపి పెట్టుకుంటడు. మా బాపుకు కారున్నది. నన్ను ఎత్తుకున్నడు. నాకు అరటిపండు ఇచ్చిండు." తర్వాత నా వైపు తిరిగి, అనుమానంగా కాదు, కుతూహలంగా అడిగింది: "నువ్వెవరు?"

బామ్మర్ది ఇంట్లోంచి వచ్చి నిలబడ్డాడు. అతని వెనక అతని భార్య తలుపు పట్టుకుని నన్నే చూస్తోంది. నేనేం చెబుతానో అనే భయం ఆమె కళ్ళల్లో కనబడుతోంది. పిల్ల మొహంలో మాత్రం వెలుగు. ఊళ్ళో ఏ పిల్లకూ లేని బాపు ఉన్నాడు ఆమెకు. కారున్నవాడు, ఎదురుచూస్తే వచ్చినవాడు, వచ్చి ఎత్తుకున్నవాడు. నేను ఆ ఒక్క పనీ చేయలేదు. ఆ బాపును ఆమె దగ్గర్నుంచి గుంజుకుని, బదులుగా నన్ను చేతిలో పెట్టడానికి నాకు నోరు రాలేదు.

"నేను మీ బాపు ఆఫీసుల పని చేస్తనమ్మా," అన్నాను. "మీ బాపు పంపితె వచ్చిన. గీ పీట నీకియ్యమన్నడు, కూసొని తిననీకి."

"బావా!" అన్నాడు బామ్మర్ది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చెయ్యెత్తి ఊరుకోమన్నాను.

పిల్ల పీట మీద కూర్చుని చూసుకుంది. లేచి, మళ్ళీ కూర్చుంది. నచ్చింది.

"మళ్ళ ఎప్పుడొస్తడు బాపు?"

ఏళ్ళ తరబడి నేను విన్న జవాబే నా నోట్లోంచి వచ్చింది.

"దౌర మీద ఉన్నడమ్మా. దౌర అయినంక వస్తడు."

సరేనని తలూపి, పీట ఎత్తుకుని, తలుపు దగ్గర నిలబడ్డ మా బామ్మర్ది భార్యకు చూపించడానికి లోపలికి పరుగెత్తింది. నేను బస్సు కోసం ఆగలేదు. బోధన్ దారిలోని రెంజల్ ఊరి దాకా నడుచుకుంటూ, దారంతా ఏడ్చుకుంటూ పోయాను. బిడ్డను మళ్ళీ అడగలేదు.